కిక్రి, పడిగె, కార్యశాల: ఆదివాసీ కథాగానానికి ఎలాంటి ఊతం కావాలి?

సంక్షిప్తంగా

ఆదిలాబాద్ ప్రాంతపు రాజ్‌గోండుల వంశగాథలను ప్రధానులు, తోటీలు పాడతారు. గోదావరి తీరపు కోయల గాథలను డోలీలు చెబుతారు. ఈ కథాగానం పలచబడటానికి అసలు కారణం, పాడేవారికీ పాడించుకునే వంశాలకూ మధ్య తరతరాలుగా ఉన్న ఇచ్చిపుచ్చుకునే బంధం సడలిపోవడమే. అందువల్ల పాట నేర్పి పంపించే కార్యశాలల కంటే, కథకు సందర్భాన్నీ శ్రోతలనూ ప్రతిఫలాన్నీ తిరిగి సమకూర్చే కార్యశాలలకే ఫలితం ఎక్కువ. రికార్డింగుల మీద హక్కు ఎవరిది, నిధులు ఏ నెలలో విడుదలవుతాయి అన్నవి కూడా ఇందులో చిన్న విషయాలు కావు.

ఈ చర్చ ఇప్పుడెందుకు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు. మేడారం జాతరలో సమ్మక్క, సారలమ్మల గాథను డోలు మీద పాడే ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. అదే ఏడాది అక్టోబరులో మర్లవాయికి చెందిన, గోండుల గుస్సాడీ నృత్యానికి గురువు, 2021 పద్మశ్రీ పురస్కార గ్రహీత కనకరాజు మరణించారు. నెలల వ్యవధిలో ఇద్దరు పెద్దలు పోవడంతో, వారికి తెలిసిన విద్య తర్వాతి తరానికి ఎంత చేరిందన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. ప్రభుత్వ శాఖలూ స్వచ్ఛంద సంస్థలూ విశ్వవిద్యాలయాలూ ఇలాంటి సందర్భాల్లో తరచుగా ప్రతిపాదించే మార్గం కార్యశాల. పెద్దలను పిలిపించి, యువతను కూర్చోబెట్టి, కొన్ని రోజుల పాటు కథలు చెప్పించి రికార్డు చేయడం అందులోని పద్ధతి. ఇది మంచి పనే. అయితే ఈ పద్ధతి ఏ మేరకు పనిచేస్తుందో అంచనా వేయాలంటే, ముందుగా ఈ కథలు ఏ ఏర్పాటులో పుట్టి పెరిగాయో చూడాలి.

కథ వెనుక ఉన్న ఒప్పందం

రాజ్‌గోండుల సమాజం నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగాలుగా, అంటే వంశాల కూటములుగా విభజితమై ఉంటుంది. ఒక్కో సగాలో అనేక వంశాలు ఉంటాయి. ప్రతి వంశానికీ తమ దైవమైన పెర్సాపేన్, ఆ దైవానికి పూజ చేసే కటోడ, ఆ వంశపు పుట్టుపూర్వోత్తరాలను పాడే ప్రధాన్ కుటుంబం ఉంటాయి. ఈ సంబంధం వంశపారంపర్యమైనది కాబట్టి, ఒక వంశానికి పాడే హక్కు ఉన్న కుటుంబం మరో వంశానికి తనంతట తానుగా వెళ్లి పాడదు. సగాల విభజనను ఏర్పరచి గోండులకు ధర్మాన్ని నేర్పిన పహండి కుపార్ లింగాల్ గాథ అందరిదీ అయినా, ఏ వంశం ఏ దారిన వచ్చి ఎక్కడ స్థిరపడిందో చెప్పే భాగం మాత్రం ఆ వంశానికే ప్రత్యేకం.

ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా పుష్యమాసంలోనూ వేసవి మొదట్లోనూ జరిగే పెర్సాపేన్ పూజల్లో, పెళ్లిళ్లలో, చనిపోయినవారిని వంశ దైవంలో కలిపే కర్మల్లో ప్రధాన్ హాజరు తప్పనిసరి. కమానుతో వాయించే మూడు తంతుల వాద్యం కిక్రి ఆయన చేతిలో ఉంటుంది. సన్నాయి వంటి పెప్రె, డోలు, కొమ్ముబూర వంటి కాలికోమ్ ఆ సందర్భాన్ని బట్టి తోడవుతాయి. పాట మధ్యలో వంశపెద్ద పేరు వస్తే ఎదురుగా కూర్చున్న మనిషి అది తన తాత పేరని గుర్తుపడతాడు. తప్పు దొర్లితే అక్కడికక్కడే సరిదిద్దుతాడు కూడా. పాడినందుకు ధాన్యమో బట్టలో పశువులో ఇవ్వడం దాతృత్వం కిందికి రాదు, అది వంశం తీర్చవలసిన బాధ్యత. ఈ ఏర్పాటులో శ్రోత కూడా పరీక్షకుడే కాబట్టి, లిఖిత గ్రంథం లేకపోయినా కథ మూలం చెడకుండా నిలిచింది.

ఇక్కడ గమనించవలసిన మరో సంగతి ఉంది. ఆదిలాబాద్ ప్రధానుల ఇళ్లలో మాట్లాడే భాష సంప్రదాయంగా మరాఠీ. పాడేది మాత్రం గోండిలో. అంటే గోండుల అతి ముఖ్యమైన గాథలను కాపాడినవారు, ఆ భాషను వృత్తిగా నేర్చుకుని నిలబెట్టుకున్న మరో సమాజం. తెలంగాణలో ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహాల్లో ఒకటిగా గుర్తింపు పొందిన తోటీలు కూడా ఇలాగే గోండులకు కథకులు. కోయలలో డోలీల స్థానం దీనికి దగ్గరగా ఉంటుంది. కోయలలో వంశాల సమూహాన్ని గట్టు అంటారు. ఆ గట్టుకు సంబంధించిన వీరుల బొమ్మలున్న త్రికోణపు గుడ్డ పతాకాన్ని పడిగె అంటారు. డోలీ ఆ పడిగెను ఎదుట నిలిపి, డోలు మోగిస్తూ, తూతకొమ్ము, అక్కుం వంటి ఊదే వాద్యాల నడుమ పగిడిద్దరాజు, సమ్మక్కల కథను కోయలోనూ తెలుగులోనూ నడిపిస్తాడు. పడిగె అలంకారం కోసం పెట్టింది కాదు. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ ఉందో, కథ క్రమం కూడా అలాగే సాగుతుంది.

బంధం ఎక్కడ సడలింది

మొదటి దెబ్బ భూమి మీద పడింది. నిజాం పాలనలో అడవులను రిజర్వుగా హద్దులు గీసి గోండులను ఊళ్ల నుంచి ఖాళీ చేయించడం, బయటి నుంచి వచ్చినవారికి పట్టాలు దక్కడం, దాని పర్యవసానంగా 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నాయకత్వంలో జరిగిన పోరాటం తెలుగు పాఠకులకు తెలిసినవే. అంతగా చర్చకు రాని పర్యవసానం మరొకటి ఉంది. భూమి పోయిన గోండు కుటుంబం, తన ప్రధాన్‌కు ఎద్దునో ధాన్యాన్నో ఇచ్చే స్థితిని కూడా పోగొట్టుకుంది. పాడించుకునే ఇల్లు చితికిపోతే పాడే ఇల్లు కూలిపనికి మళ్లుతుంది. ఆదివాసీ కథాగానం క్షీణతను కేవలం టీవీ, సెల్‌ఫోన్ల ఖాతాలో వేసే వ్యాఖ్యానాలు ఈ తొలి కారణాన్ని వదిలేస్తున్నాయి.

రెండోది బడి. భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మర్లవాయి కేంద్రంగా 1940వ దశకంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించి, నాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించారు. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక ఆ బోధన క్రమంగా ఆగిపోయింది. ఆ తర్వాత చాలా కాలానికి, 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో ప్రాథమిక తరగతులకు తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. మధ్యలో గడిచిన తరాలకు మాత్రం బడి భాష ఒకటి, కిక్రి పాట భాష మరొకటి అయింది. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా ఉన్నవారు దాదాపు 29.8 లక్షల మంది, కోయ వారు సుమారు 4 లక్షల మంది. మాట్లాడేవారి సంఖ్య ఇంత ఉన్నా, గాథలోని పాత పదజాలాన్ని వివరణ లేకుండా అర్థం చేసుకోగల యువకులు అందులో కొద్ది భాగమే.

మూడోది సందర్భాలు కుదించుకుపోవడం. రాత్రంతా సాగవలసిన కర్మ పగటిపూట కొన్ని గంటలకు తగ్గింది. పెళ్లిలో డీజే వచ్చింది. కొన్ని కుటుంబాలు వేరే మత సంప్రదాయాలకు మారి పెర్సాపేన్ పూజలకు దూరమయ్యాయి. అయితే సందర్భం బలంగా నిలిచిన చోట కథ కూడా నిలిచింది. పుష్య అమావాస్యకు ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశీయులు గోదావరి హస్తినమడుగు నుంచి కాలినడకన జలం తెస్తారు. వంశ చరిత్రను ప్రధాన్ కిక్రి మీద వినిపించే ఆనవాయితీ అక్కడ తెగలేదు. అక్కడ యువకులకు ఎవరూ ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వకపోయినా, ఏడాదికొకసారి కథ అవసరపడుతుంది కాబట్టి వినేవారు తయారవుతున్నారు.

మూడు రోజుల కార్యశాలలో ఏం జరుగుతుంది

సాధారణంగా జరిగే కార్యశాల స్వరూపం తెలిసిందే. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలోనో జిల్లా కేంద్రంలోని ఒక సభామందిరంలోనో వేదిక మీద తివాచీ పరుస్తారు, మైకు పెడతారు, ఒక్కో కళాకారుడికి ఇరవై నిమిషాలో అరగంటో ఇస్తారు. ఎదురుగా ఉన్నది విద్యార్థులు, అధికారులు, పరిశోధకులు. పాడించుకునే వంశం అక్కడ లేదు, దైవం ముందు దీపం లేదు, తప్పు పట్టే తాత లేడు. అలాంటి చోట అనుభవజ్ఞుడైన కథకుడు సహజంగానే అందరికీ అర్థమయ్యే, చప్పట్లు పడే, పది నిమిషాల్లో ముగిసే భాగాన్ని ఎంచుకుంటాడు. వంశాల పేర్ల పట్టికలు, వలసదారుల వర్ణనలు, నెమ్మదిగా నడిచే ఘట్టాలు పక్కకు పోతాయి. ఏళ్ల తరబడి ఇలాగే జరిగితే వేదిక మీది ముక్కే కథ అనుకునే తరం వస్తుంది. ఈ ముప్పు ఊహాత్మకమైనది కాదు. తెలుగునాట ఎన్నో జానపద కళారూపాలు ప్రభుత్వ ప్రచార కార్యక్రమాల కోసం కుదించుకుని, చివరికి ఆ కుదించిన రూపంతోనే మిగిలాయి.

అలాగని ఇలాంటి సమావేశాలు పూర్తిగా వృథా అనడం సరికాదు. వేర్వేరు మండలాల కథకులు ఒకరినొకరు కలుసుకునేది చాలాసార్లు ఇక్కడే. వాద్యం చేసేవారు ఎవరు మిగిలారు, ఎవరి దగ్గర పాత పడిగె ఉంది అన్న సమాచారం ఇక్కడే బయటపడుతుంది. నేర్పడం అనే పనిని మాత్రం ఈ నమూనా మోయలేదు.

పోలిక కోసం అమెరికాలోని కాలిఫోర్నియాను చూడవచ్చు. అక్కడ మాట్లాడేవారు కొద్దిమందే మిగిలిన స్థానిక జాతుల భాషల కోసం 1990వ దశకం తొలి ఏళ్లలో గురువు, శిష్యుడు పద్ధతిని మొదలుపెట్టారు. ఒక పెద్దమనిషి, ఒకే ఒక్క అభ్యాసకుడు వారానికి పది నుంచి ఇరవై గంటలు, గరిష్ఠంగా మూడేళ్ల పాటు, వంటా తోటపనీ ప్రయాణమూ వంటి మామూలు పనుల మధ్య ఆ భాషలోనే గడుపుతారు. ఇద్దరికీ భృతి ఉంటుంది. మన దేశంలో ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు నడిపే గురుశిష్య పరంపర పథకం ఈ ఆలోచనకు దగ్గరగా ఉంది. ఆ పథకం కింద గురువుకు నెలకు 7,500, సహకార వాద్యకారుడికి 3,750, శిష్యుడికి 1,500 రూపాయల చొప్పున ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఇచ్చే విధానం అమల్లో ఉంది. ఉద్దేశం సరైనదే, కాలపరిమితితోనే చిక్కు. ఒక వంశపు గాథను సందర్భంతో సహా వినాలంటే పుష్యమాసపు పూజ, వేసవి పూజ, ఒక పెళ్లి, ఒక కర్మ దాటాలి. ఏడాదిలో అవన్నీ ఒకే వంశంలో రావాలన్న నియమం లేదు.

గుంజాల లిపి నేర్పిన పాఠం

కార్యశాలలు గట్టి ఫలితమిచ్చిన ఉదాహరణ ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోనే ఉంది. గుంజాల గ్రామంలో ప్రధాన్ కుటుంబాలు దాచుకున్న చేతిరాత ప్రతుల్లో గోండికి ప్రత్యేకమైన లిపి ఉన్నట్టు వెలుగులోకి వచ్చింది. ఆ ప్రతులు 1750 ప్రాంతానివని అంచనా. లిపిని చదవగలవారు అప్పటికి వేళ్ల మీద లెక్కించదగ్గ పెద్దలే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని దళిత, ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన సహచరులు ఆ పెద్దలతో కలిసి కూర్చుని అక్షరాలను గుర్తించి, వాచకాలు తయారు చేసి, గ్రామాల్లో తరగతులు నడిపించారు. కంప్యూటర్ ఫాంట్ తయారైంది. కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్ 2018లో వెలువరించిన 11వ రూపంలో గుంజాల గోండి లిపికి స్థానం దక్కింది.

ఇక్కడ పని ఫలించడానికి కారణాలు వెతికితే, నిపుణులు వచ్చి నేర్పి వెళ్లినట్టు కనిపించదు. చదవగలిగిన పెద్దలే ఉపాధ్యాయులు, తరగతి ఆ ఊళ్లోనే, నేర్చుకున్న పిల్లవాడు ఇంట్లో ఉన్న ప్రతిని తీసి చదివేందుకు వీలుంది. నేర్చుకున్నదానికి వెంటనే వాడుక దొరికింది.

దీనితో పోల్చితే, వేర్వేరు రాష్ట్రాల గోండి మాండలికాలను దగ్గర చేయాలని 2014 నుంచి, ఫోన్ ద్వారా ఆదివాసీల గొంతు వినిపించే సీజీనెట్ స్వర అనే వేదిక చొరవతో సాగిన కార్యశాలల లక్ష్యం వేరు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ తదితర రాష్ట్రాల గోండి భాషీయులు పలు విడతలుగా సమావేశమై పదాల మీద చర్చించగా, 2018లో హంపి కన్నడ విశ్వవిద్యాలయంలో ప్రామాణిక నిఘంటువు వెలువడింది. పత్రికలకూ బడి పుస్తకాలకూ ఇలాంటి ఉమ్మడి పదజాలం అవసరమే. కథాగానానికి అది కొలబద్ద కాకూడదు. ప్రధాన్ పాటలో మరాఠీ ఛాయ, ఉట్నూరు యాస, ఇప్పుడెవరూ వాడని పాత మాట అన్నీ ఆ వంశపు చరిత్రకు సాక్ష్యాలే. వాటిని ప్రామాణిక రూపంలోకి దిద్దితే చరిత్ర పోతుంది.

పాట బొమ్మగా మారిన చోట

మధ్యప్రదేశ్‌లోని దిండోరీ జిల్లా పాటన్‌గఢ్ మరో దారి చూపించింది. అక్కడి ప్రధాన్ గోండులు బానా అనే వాద్యం మీద గోండు దొరల గాథలు పాడేవారు. 1980వ దశకం మొదట్లో భోపాల్‌లోని భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం ఆ ఊళ్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే యువకుడి గోడ బొమ్మలను గుర్తించింది. ఆయనను కాగితానికీ కాన్వాసుకూ పరిచయం చేయడంతో ఒక కొత్త చిత్రకళ పుట్టింది. 2001లో ఆయన జపాన్‌లో మరణించే నాటికి ఆయన బంధువులు ఎందరో ఆ శైలిలో గీస్తున్నారు. భజ్జు శ్యామ్‌కు 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. గోండు చిత్రకళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

జీవనోపాధి కోణంలో ఇది నిస్సందేహంగా పెద్ద విజయం. కథలోని దేవతలూ జంతువులూ చెట్లూ రంగుల్లోకి వచ్చి ప్రపంచమంతా తిరిగాయి. అయితే రాత్రంతా నడిచే గాథ ఒక్క చట్రంలో ఆగిపోయింది, బానా పట్టేవారు తగ్గారు. కొన్న మనిషికి కథ తెలియనక్కర్లేదు. ఆదిలాబాద్‌లోనో మణుగూరులోనో ఇదే నమూనాను తెచ్చిపెట్టాలనుకునేవారు ఈ మార్పిడిలో వచ్చేదీ పోయేదీ రెండూ ముందే లెక్క చూసుకోవాలి. పడిగెను అమ్మకపు వస్తువుగా మార్చడం తేలిక. దాన్ని చూసి కథ నడిపే డోలీ లేకపోతే అది గోడకు తగిలించే గుడ్డే.

రికార్డు చేసినది ఎవరి సొత్తు

కార్యశాలల్లో అతి తక్కువగా చర్చకు వచ్చే అంశం ఇదే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ధ్వనిముద్రణకు చొరవ తీసుకుని బాధ్యత వహించినవారే దాని నిర్మాత. వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు ఆ నిర్మాతే, ఆ హక్కు 60 ఏళ్లు ఉంటుంది. పాడిన మనిషికి ప్రదర్శనకారుడి హక్కు విడిగా 50 ఏళ్లు ఉన్నప్పటికీ, కథ వంశానిది, పాడిన గొంతు ఒకరిది, ముద్రణ మరొకరిది అయినప్పుడు వంశపు సామూహిక హక్కును నేరుగా గుర్తించే నిబంధన ఆ చట్టంలో లేదు. ఇరవై నిమిషాల పాటకు భత్యం తీసుకుని సంతకం పెట్టిన పెద్దమనిషికి, ఆ పాట రేపు ఎక్కడ వినిపిస్తుందో చెప్పేవారుండరు.

హైమెండార్ఫ్ తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన, ఆసియా, ఆఫ్రికా అధ్యయనాల సంస్థ సోయాస్‌లో ఉన్నాయి. అక్కడ భద్రంగా ఉండటం మేలే, కాని మర్లవాయి పిల్లలు తమ ముత్తాతలను చూసుకోవడానికి అది ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని వారుముంగు ప్రజల కోసం మొదలైన ముకుర్తు అనే డిజిటల్ భాండాగారం ఈ చిక్కుకు ఒక మార్గం చూపింది. ఏ రికార్డింగును ఎవరు వినవచ్చు, ఎవరు చూడకూడదు అన్నది ఆ సమాజపు బంధుత్వ నియమాలనుబట్టి నిర్ణయమయ్యేలా ఆ వ్యవస్థను రూపొందించారు. పూజ వేళ మాత్రమే వినవలసిన పాటలున్న గోండు వంశాలకు ఇలాంటి ఏర్పాటు అతికినట్టు సరిపోతుంది.

పనికొచ్చే రూపం

పై అనుభవాలను కలిపి చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. మొదట, పిలుపు ఎవరి నుంచి వెళ్లాలన్నది. ఆదిలాబాద్ గోండులకు ఊళ్లో పెద్దగా పటేల్, పూజారిగా దేవారి ఉన్నారు, కొన్ని ఊళ్లకు కలిపి రాయి సెంటర్ అనే సంప్రదాయ పంచాయతీ, దానికి పెద్దగా సార్మేడి ఉన్నారు. కార్యశాలను రాయి సెంటర్ పిలిస్తే, ఏ వంశానికి ఏ ప్రధాన్ పాడాలి, ఏది బయటివారి ముందు పాడవచ్చు, ఏది పాడకూడదు అన్న నిర్ణయం అక్కడే జరుగుతుంది. అనుమతి పత్రం మీద ఒక్కరి వేలిముద్ర బదులు వంశపెద్దల సమ్మతి వస్తుంది. శాఖలూ విశ్వవిద్యాలయాలూ ఖర్చు, సాంకేతిక సహాయం చూసుకుంటే చాలు.

శిక్షణ యువ కథకులకు ఎంత అవసరమో యువ శ్రోతలకూ అంతే అవసరం. గోండు పిల్లలకు తమ సగా, తమ వంశ దైవం, గాథలోని పాత మాటల అర్థం తెలిస్తే, పూజ రాత్రి వారు నిద్రపోకుండా కూర్చుంటారు. పాడించుకునే కోరిక ఉన్న ఇల్లు పదేళ్ల తర్వాత ప్రధాన్‌ను పిలుస్తుంది. ఆ పిలుపే ప్రధాన్ కొడుకు కిక్రి పట్టడానికి కారణమవుతుంది. వాద్యం తయారుచేసే పని కూడా ఇందులో భాగం కావాలి. చేసేవారు లేక కిక్రి దొరకని చోట పాట నేర్పించి ప్రయోజనం లేదు.

స్త్రీల కథల విషయంలో కార్యశాలలు ఇప్పటివరకు పెద్దగా శ్రద్ధ చూపలేదు. వంశగాథల గాయకులు పురుషులు కావడంతో ఆదివాసీ కథ అంటే అదేనన్న అభిప్రాయం స్థిరపడింది. రేలా పాటల్లో, పొలం పనుల్లో, పిల్లలను నిద్రపుచ్చే వేళల్లో స్త్రీలు చెప్పే కథలకు వంశ పరిమితులు తక్కువ, నేర్పడానికి ఆంక్షలు తక్కువ. బడిలోకి తేవడానికి మొదట అందుబాటులో ఉన్న నిధి ఇదే.

చివరి అంశం క్యాలెండర్. ప్రభుత్వ నిధులకు మార్చి 31 గడువు కాబట్టి కార్యశాలలు చాలావరకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో హడావిడిగా జరిగిపోతాయి. పుష్యమాసం డిసెంబరు, జనవరిలో వస్తుంది. గుస్సాడీ నృత్యం సాగే దండారీ పండుగ దీపావళి ముందు మొదలవుతుంది. మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళకు వస్తుంది. గురువు, శిష్యుల భృతిని కనీసం మూడేళ్లకు పొడిగించి, ఆ పండుగల ముందు విడతగా విడుదల చేయడానికి కొత్త చట్టం అవసరం లేదు. ప్రస్తుత పథకం నిబంధనల్లో కాలపరిమితి, విడుదల తేదీ అనే రెండు వాక్యాలు మారితే సరిపోతుంది.